జాకెట్టు ఒక్క పక్కే బిగుతైతే టైలర్ని తిట్టకండి

మా పెద్దమ్మది గాజువాక. మూడేళ్ళ కిందట సింహాచలం చందనోత్సవానికి కట్టుకుందామని పట్టుచీర మీదకి జాకెట్టు కుట్టించుకుంది, ఇంటికి తెచ్చి వేసుకుంటే కుడి పక్క బాగానే ఉంది గాని ఎడమ పక్క పట్టేస్తోంది. వెళ్ళి టైలరమ్మాయితో పోట్లాట. ఆ అమ్మాయి పాపం "ఆంటీ, మీరిచ్చిన ఆది జాకెట్టు పెట్టే కదా కత్తిరించాను" అని రెండూ ఒకదాని మీద ఒకటి పరిచి మరీ చూపించింది. తేడా లేదు. తేడా వచ్చింది జాకెట్టులో కాదు, పెద్దమ్మలో. ఆ సంగతి పెద్దమ్మకి అప్పటికే తెలుసు, భోగి రోజు తలంటు పోసుకుంటుంటే ఎడమ రొమ్ములో పైన, చంక వైపు, జీడిపిక్కంత గట్టిగా చేతికి తగిలిందట. నొప్పి లేదు కదా అని ఊరుకుంది. మాకు చెప్పింది ఎప్పుడో తెలుసా, ఆషాఢంలో. భోగికీ ఆషాఢానికీ మధ్య ఎన్ని నెలలో మీరే లెక్కెట్టుకోండి.

ఎందుకు చెప్పలేదు అంటే "ఇంట్లో పెళ్ళి కావాల్సిన గుంట ఉంది, వంశంలో రొమ్ము క్యాన్సర్ ఉందని నలుగురికీ తెలిస్తే సంబంధాలు వస్తాయేటే" అంది. దానికి నా దగ్గర అప్పుడు సమాధానం లేదు. ఇప్పుడుంది, కిందకి వచ్చాక చెప్తాను.

నేను డాక్టర్ని కాదు, ఓ ఆఫీసులో అకౌంట్స్ చూసుకునేదాన్ని. కానీ ఏడాదిన్నర పెద్దమ్మతో పాటు ఓపీ లైన్లలో నిలబడి, ఫైల్ మోసి, కనబడిన ప్రతి సిస్టర్నీ, డాక్టర్నీ విసిగించి నేర్చుకున్నది ఉంది, అది నా ఫ్రెండ్స్ అందరికీ ఫోన్లో విడివిడిగా చెప్పలేక ఒకేసారి రాసేస్తున్నాను. మన దేశంలో ఆడవాళ్ళకి వచ్చే క్యాన్సర్లలో మొదటి స్థానం రొమ్ము క్యాన్సర్‌దే, 2022లో ఒక్క ఏడాదే సుమారు 1 లక్షా 92 వేల కొత్త కేసులని అంచనా. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ఇంకోటి ఉంది, అది చదివినప్పుడు కడుపులో తిప్పేసింది, డబ్బున్న దేశాల్లో ఈ జబ్బు వచ్చినవాళ్ళలో 90 శాతం పైన కనీసం ఐదేళ్ళు బతుకుతుంటే మన దగ్గర అది 66 శాతం. జబ్బు అదే, మందులు కూడా చాలావరకు అవే. మరి తేడా ఎక్కడ అంటే చాలామంది మనలో పెద్దమ్మలాగే లేటుగా వస్తారు, కొంతమంది మధ్యలో ట్రీట్‌మెంట్ ఆపేస్తారు.

సరే, అసలు పనికి వద్దాం. ముందు మీ ఒళ్ళు మీకు తెలియాలి. ముఖంలో చిన్న మొటిమ వస్తే పది నిమిషాలు అద్దంలో చూసుకుంటాం, రొమ్ము మాత్రం పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి కూడా సరిగ్గా చూసుకోని వాళ్ళున్నారు, నేనూ అంతే. నెలకోసారి చాలు. పీరియడ్స్ వచ్చేవాళ్ళు మొదలైన రోజు నుంచి 7 నుంచి 10 రోజుల మధ్యలో చూసుకోవాలి, ముందు రోజుల్లో అయితే రొమ్ములు బరువెక్కి అక్కడక్కడా గట్టిగా ఉంటాయి, అనవసరంగా హడలిపోతాం. పీరియడ్స్ ఆగిపోయినవాళ్ళు ఏదో ఒక తారీకు పెట్టేసుకోండి. మా అమ్మ ఒకటో తారీకు పెట్టుకుంది, పెన్షన్ వచ్చే రోజు కాబట్టి మర్చిపోదట.

అద్దం ముందు లైటు బాగా ఉన్నచోట జాకెట్టు, బ్రా తీసేసి నిలబడండి. చేతులు కిందకి వదిలేసి ఒకసారి, రెండు చేతులూ తల మీదకి ఎత్తి ఒకసారి, నడుం మీద చేతులు పెట్టి గట్టిగా నొక్కి పట్టి ఒకసారి చూడండి. ఆ మూడోది చాలామంది వదిలేస్తారు, కానీ ఛాతీ కండరం బిగిసినప్పుడే లోపల ఏదైనా పట్టి లాగుతుంటే పైన చర్మం సొట్టపడి కనిపిస్తుంది. రెండు రొమ్ములూ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఎవరికీ ఉండవు, ఒకటి కొంచెం పెద్దది ఒకటి చిన్నది మామూలే. ఎప్పటినుంచో ఉన్న తేడా తేడా కాదు. కొత్తగా వచ్చిన తేడా ఏంటో చూడాలి.

తర్వాత పడుకోండి. కుడి వైపు చూసుకోవాలంటే కుడి భుజం కింద చిన్న దిండు పెట్టి, కుడి చెయ్యి తల కిందకి పెట్టుకుని, ఎడమ చేతి మూడు మధ్య వేళ్ళతో చూడాలి. వేలి కొసలు కాదు, వేళ్ళ మెత్తలు, అంటే వేలిముద్ర వేస్తాం కదా ఆ భాగం. పిసకకూడదు, పట్టుకుని లాగకూడదు, అలా చేస్తే మామూలు కండ కూడా గెడ్డలాగే తగులుతుంది. రూపాయి బిళ్ళంత చిన్న చిన్న గుండ్రాలు తిప్పుతూ ఒక్కో చోట మూడు రకాలుగా నొక్కాలి, మొదట చర్మం కదిలేంత తేలిగ్గా, తర్వాత కొంచెం లోతుగా, ఆఖరికి పక్కటెముక తగిలేంత గట్టిగా. ఒక వరస పై నుంచి కిందకి, పక్క వరస కింద నుంచి పైకి, చేనులో నాగలి సాళ్ళు వేసినట్టు. పైన మెడ కింది ఎముక దగ్గర మొదలెట్టి కింద బ్రా పట్టీ దాటేదాకా, చంక దగ్గర్నుంచి ఛాతీ మధ్య ఎముక దాకా ఒక్క సాలు కూడా వదలకూడదు. చంక మర్చిపోవద్దు. రొమ్ములో పైన బయటి వైపు, అంటే చంక వైపు ఉండే భాగంలోనే ఈ గెడ్డలు ఎక్కువగా వస్తాయి, పెద్దమ్మకి తగిలింది కూడా అక్కడే. స్నానంలో సబ్బు చేత్తో చూసుకుంటే వేళ్ళు బాగా జారుతాయి, కొందరికి అదే వీలు.

మొదటిసారి చూసుకుంటే అంతా గెడ్డలే అనిపిస్తుంది, భయపడకండి, నాకూ అలాగే అయింది. కొందరికి లోపల పెసలు మూటగట్టినట్టు గరగరా ఉంటుంది, రొమ్ము కింది అంచులో వంపు దగ్గర గట్టిగా గట్టులా తగులుతుంది, అది రెండు పక్కలా ఒకేలా ఉంటే మామూలే. రెండు మూడు నెలలు చూసుకుంటే మీ ఒంటి లెక్క మీకు వచ్చేస్తుంది, అప్పుడు కొత్తది ఏదైనా చేతికి ఇట్టే తెలుస్తుంది.

ఏవి కనిపిస్తే ఆగకూడదో ఇక్కడ చెప్పేస్తాను. రొమ్ములో గానీ చంకలో గానీ కొత్తగా గెడ్డ, ముఖ్యంగా గట్టిగా ఉండి అంచులు సరిగ్గా తెలియకుండా నొప్పి లేకుండా ఉంటే. చర్మం ఒకచోట సొట్టపడటం, లేదా కమలాపండు తొక్కలా చిన్న చిన్న గుంటలతో మందంగా అవడం. ఎప్పుడూ బయటకి ఉండే చనుమొన కొత్తగా లోపలికి లాక్కుపోవడం. పిండకుండానే ఒక్క చనుమొన నుంచే రక్తం గానీ నీళ్ళలాంటిది గానీ రావడం. చనుమొన మీద గజ్జిలా వచ్చి ఆయింట్‌మెంట్ రాసినా మానకపోవడం. రొమ్ము ఎర్రగా వేడిగా వాచిపోయి యాంటీబయాటిక్ వాడినా తగ్గకపోవడం. ఒక పక్క సైజు మారిపోవడం, అదే మా జాకెట్టు కథ.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మనవాళ్ళు "నొప్పి లేదు, ఏం కాదులే" అంటారు చూడండి, అది తలకిందులు లెక్క. నెలనెలా పీరియడ్స్ ముందు వచ్చిపోయే నొప్పి ఎక్కువసార్లు హార్మోన్ల వల్లే, క్యాన్సర్ గెడ్డకి మొదట్లో చాలామందికి నొప్పే ఉండదు. అలాగని నొప్పి ఉన్న గెడ్డ అయితే పర్లేదనీ కాదు. గెడ్డ అంటేనే చూపించుకోవాలి. చూపించుకుంటే ఎక్కువమందికి తేలేది క్యాన్సర్ కాదు, వయసులో ఉన్నవాళ్ళకి ఫైబ్రోఅడినోమా అని చేతికింద జారిపోయే గోళీలాంటిదో, నీటి తిత్తో అవుతుంది. అది తేల్చుకుని హాయిగా నిద్రపోవచ్చు కదా. ఒక పీరియడ్ వెళ్ళాక కూడా ఉంటే, లేదా రెండు వారాలు దాటినా ఉంటే ఇంక ఆలోచించొద్దు. పిల్లకి పాలిస్తున్నవాళ్ళు "పాలు గడ్డకట్టాయిలే" అని సరిపెట్టుకుంటారు, వాళ్ళకి కూడా రెండు వారాలే గడువు, అల్ట్రాసౌండ్ పాలిచ్చేవాళ్ళకీ కడుపుతో ఉన్నవాళ్ళకీ చెయ్యొచ్చు, ఏం కాదు.

ఇంత చెప్పాక ఒక నిజం కూడా చెప్పాలి, సొంతంగా చూసుకోవడం ఒక్కటే సరిపోదు. చైనాలో షాంఘై బట్టల మిల్లుల్లో పనిచేసే 2 లక్షల 66 వేల మంది ఆడవాళ్ళ మీద పెద్ద పరిశోధన చేశారు, సగం మందికి ఈ పరీక్ష బాగా నేర్పించారు, 2002లో ఫలితాలు వచ్చాయి, చావులు తగ్గలేదు, క్యాన్సర్ కాని గెడ్డలకి బయాప్సీలు, అంటే ముక్క తీసి పరీక్షించడాలు, మాత్రం పెరిగాయి. అందుకే డాక్టర్లు ఇప్పుడు దీన్ని పరీక్ష అనడం కంటే మీ ఒళ్ళు మీకు తెలిసుండటం అంటున్నారు. అయినా నేను చూసుకోమనే అంటాను, ఎందుకంటే మామోగ్రామ్, అంటే రొమ్ముకి తీసే ఎక్స్‌రే, అందరికీ అందని మన ఊళ్ళలో మొదట తగిలేది మన చేతికే. కానీ మీ చేతికి ఏమీ తగల్లేదని మిగతావి మానేస్తే కుదరదు.

మిగతావాటిలో మొదటిది ట్రైనింగ్ అయిన వాళ్ళ చేత చూపించుకోవడం. ఇది తేలిగ్గా తీసిపారేస్తారు గాని దీని వెనక మన దేశం పరిశోధనే ఉంది. టాటా మెమోరియల్ క్యాన్సర్ హాస్పిటల్ వాళ్ళు 1998లో ముంబై బస్తీల్లో లక్షన్నర మంది ఆడవాళ్ళతో మొదలెట్టారు, నాలుగు వారాల ట్రైనింగ్ ఇచ్చిన మామూలు ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్ళకోసారి చేత్తో పరీక్ష చేశారు, 20 ఏళ్ళు వెంటపడి చూస్తే 50 దాటినవాళ్ళలో రొమ్ము క్యాన్సర్ చావులు దాదాపు 30 శాతం తగ్గాయి, 2021లో ఆ ఫలితాలు వచ్చాయి. ఏ మిషనూ లేదు, వేళ్ళే. ప్రభుత్వం కార్యక్రమంలో 30 దాటిన ఆడవాళ్ళకి నోటి క్యాన్సర్, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షలతో పాటు ఇది కూడా ఉంది, మీ వార్డు హెల్త్ సెంటర్‌కి వెళ్ళి అడగండి, ఏఎన్ఎమ్ నర్సు గానీ ఆశా కార్యకర్త గానీ ఇంటికి బీపీ, షుగర్ చూడ్డానికి వచ్చినప్పుడు తలుపు దగ్గరే నిలబెట్టి "మాకేం లేదమ్మా" అని పంపెయ్యకండి.

రెండోది మామోగ్రామ్. 2024లో అమెరికా నిపుణుల బృందం 40 నుంచి 74 ఏళ్ళ దాకా రెండేళ్ళకోసారి తీయించుకోమని చెప్పింది, మన డాక్టర్లు కూడా చాలామంది 40 దాటాక ఏడాదికో రెండేళ్ళకో అంటారు. 40 లోపు వాళ్ళకి రొమ్ము కండ బాగా చిక్కగా ఉంటుంది, ఎక్స్‌రేలో అంతా తెల్లగా కనిపించి గెడ్డ దాక్కుంటుంది, అందుకని వాళ్ళకి ఏదైనా తగిలితే ముందు అల్ట్రాసౌండ్ చేస్తారు. అమ్మకో అక్కకో చిన్న వయసులోనే వచ్చినవాళ్ళ లెక్క వేరు, అమ్మకి 45లో వస్తే కూతురు 35 నుంచే అడగాలి, కొందరికి ఎమ్మారై కూడా రాస్తారు.

వెళ్ళే రోజు చంకల్లో పౌడర్, డియోడరెంట్ రాసుకోకండి, ఆ పొడి ఫిల్మ్ మీద మచ్చల్లా పడి కంగారు పెడుతుంది. విశాఖ ఉక్కకి పౌడర్ లేకుండా ఎలా అంటే ఆ ఒక్క రోజు ఓర్చుకోండి. చీర గానీ టూ పీస్ డ్రెస్ గానీ వేసుకెళ్తే పైన మాత్రం తీస్తే సరిపోతుంది, పొడుగు నైటీలాంటివి వద్దు. పీరియడ్ అయ్యాక వారంలో వెళ్తే నొప్పి తక్కువ. రెండు ప్లేట్ల మధ్య రొమ్ము పెట్టి అప్పడం నొక్కినట్టు నొక్కుతారు, ఒక్కోటి కొన్ని సెకన్లే, నాకు మొదటిసారి కళ్ళలో నీళ్ళొచ్చాయి గాని జాకెట్టు వేసుకునేసరికి పోయింది. పాత ఫిల్ములు ఉంటే తప్పకుండా పట్టుకెళ్ళండి, పోల్చి చూసుకుంటారు. రిపోర్టులో బైరాడ్స్ అని ఒక నంబర్ ఉంటుంది. 1, 2 అంటే బాగున్నట్టే, 3 అంటే దాదాపు భయం లేదు గాని ఆరు నెలల్లో మళ్ళీ చూడాలి, 4, 5 అంటే బయాప్సీ చేసి తేల్చాలి, 0 అంటే ఇంకో ఫోటో కావాలని, సున్నా కదా ఏమీ లేదేమో అనుకుని ఫైల్ బీరువాలో పెట్టేసిన ఆవిడ నాకు తెలుసు.

చేతికి గెడ్డ తగులుతూ ఉండి మామోగ్రామ్ బాగుంది అని వస్తే అక్కడితో ఆగిపోకండి. కొన్ని తప్పించుకుంటాయి. డాక్టర్ చేత్తో చూడటం, ఫోటో తీయడం, సూదితో ముక్క తీయడం, మూడూ ఒకే మాట చెప్పాలి, అప్పుడే నమ్మాలి.

మా పెద్దమ్మని మొదట తీసుకెళ్ళింది మా ఇంటికి దగ్గర్లో ఉన్న ఒక క్లినిక్‌కి. ఆయన తెర వెనక చీర మీదనుంచే నొక్కి చూసి "ఇన్‌ఫెక్షన్ లెండి" అని యాంటీబయాటిక్ రాశారు, అది అయ్యాక ఇంకోటి రాశారు, అలా నెల పోయింది. నాకు ఇప్పటికీ కోపం ఆయన మీద సగం, నా మీద సగం, స్కాన్ రాయండి అని నేను ఒక్క మాట అడగలేదు. కాబట్టి మీరు అడగండి. వారం పది రోజుల మందుకి తగ్గకపోతే స్కాన్ అడగండి. మగ డాక్టర్ అయితే ఇబ్బంది అనిపిస్తే సిస్టర్ని లోపల ఉండమనండి, అది మీ హక్కు. డాక్టర్‌ దగ్గరకి మొదటిసారి వెళ్ళాక 60 రోజుల్లోపు జబ్బు ఏంటో తేలిపోవాలి అని ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన లక్ష్యం, డాక్టర్‌కి మొదటిసారి చూపించిన తేదీ ఒక కాగితం మీద రాసి ఫైల్ ముందు పేజీకి అంటించండి, మీకే తెలుస్తుంది ఎక్కడ నాన్చుతున్నారో.

సూది పెడితే క్యాన్సర్ ఒళ్ళంతా పాకిపోద్ది అని మా వీధిలో ప్రతి ఒక్కరూ చెప్పారు, మా మావయ్య అయితే ఆటో దగ్గరే అడ్డం పడ్డాడు. అది అబద్ధం. తిమ్మిరి ఇంజెక్షన్ ఇచ్చి లావుపాటి సూదితో సన్నని సేమియా ముక్కలాంటివి నాలుగైదు తీస్తారు, టక్కుమని స్టేప్లర్ చప్పుడు వస్తుంది, సాయంత్రం వంట చేసుకోవచ్చు. ఆ ముక్క మీదే ఈఆర్, పీఆర్, హెర్2 అని మూడు పరీక్షలు చేస్తారు, ఏ మందు పనిచేస్తుందో చెప్పేవి అవే. అందుకే ఇంకో జాగ్రత్త, ఏంటో తేలకముందే చిన్న నర్సింగ్ హోమ్‌లో "గెడ్డ తీసేద్దాం, అరగంట పని" అంటే ఒప్పుకోవద్దు. అది క్యాన్సర్ అని తర్వాత తేలితే మళ్ళీ ఆపరేషన్, లెక్కంతా తారుమారు. ముందు సూది, తర్వాతే కత్తి. నాటు మందు, పసరు కట్టు వాటి సంగతి చెప్పక్కర్లేదు అనుకుంటాను, వాటితో పోయేది టైమే.

ఎక్కడికి వెళ్ళాలి అంటే విశాఖలో ఉన్నవాళ్ళం అదృష్టవంతులం. మహారాణిపేటలో పెద్ద గవర్నమెంటు ఆసుపత్రి కేజీహెచ్ ఉంది. అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ నడిపే హోమీ భాభా క్యాన్సర్ హాస్పిటల్ ఉంది, ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి అనకాపల్లి వైపు బస్సెక్కితే గాజువాక, కూర్మన్నపాలెం దాటాక దిగిపోవచ్చు. శ్రీకాకుళం, పార్వతీపురం నుంచి తెల్లారుజామున బయల్దేరి వచ్చేవాళ్ళని అక్కడ చూస్తే మనం గాజువాకలో కూర్చుని ఆరు నెలలు ఎలా ఊరుకున్నామా అనిపించింది. ఆధార్, రేషన్ కార్డు ఒరిజినల్స్, రెండు మూడు జెరాక్స్‌లు, పాత రిపోర్టులన్నీ, టిఫిన్ బాక్సు, ఫోన్ చార్జర్. ఎన్టీఆర్ వైద్య సేవ, అంటే మొన్నటిదాకా ఆరోగ్యశ్రీ అన్నాం కదా అదే, దాంట్లో క్యాన్సర్ ఆపరేషన్, కీమో, రేడియేషన్ ఉన్నాయి, హాస్పిటల్‌లో ఆ పథకం డెస్క్ దగ్గరకి మొదటి రోజే వెళ్ళండి, బిల్లు కట్టేశాక కాదు.

పెద్దమ్మకి రెండో స్టేజ్ అన్నారు. ఎడమ రొమ్ము తీసేశారు, గెడ్డ చిన్నగా ఉన్నప్పుడే వస్తే చాలామందికి గెడ్డ వరకే తీసి రేడియేషన్ ఇస్తారట, మాకు ఆ చాన్స్ పోయింది. కీమోకి జుట్టు పోయింది, మళ్ళీ వచ్చింది, ముందుకన్నా ఉంగరాలు తిరిగి వచ్చింది. కొత్త జాకెట్లు ఆ టైలరమ్మాయే కుట్టింది, ఎడమ పక్క లోపల దూది నింపిన చిన్న సంచి పెట్టి, ఉతకడానికి తీసేలా గుండీలు పెట్టి. కుట్టు కూలి తీసుకోనంటే పెద్దమ్మ మళ్ళీ పోట్లాడింది.

ఇప్పుడు రాకుండా ఏం చెయ్యాలి అంటే, పూర్తిగా ఆపే మంత్రం లేదు. ఈ జబ్బు వచ్చినవాళ్ళలో దాదాపు సగం మందికి ఆడదై పుట్టడం, వయసు పెరగడం తప్ప ఇంకే కారణం ఉండదు, కాబట్టి "ఏం తిన్నావో ఏం చేశావో" అని పేషెంట్‌ని నిలదీసే చుట్టాలు నోరు మూసుకుంటే మంచిది. తగ్గించుకునేవి మాత్రం ఉన్నాయి. పీరియడ్స్ ఆగాక ఒళ్ళు పెరగనివ్వకూడదు, ఈ జబ్బుకి ఊతమిచ్చే ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ అప్పుడు తయారయ్యేది ఎక్కువగా కొవ్వులోనే. వారానికి కనీసం 150 నిమిషాలు చెమట పట్టేలా నడవాలి, బీచ్ రోడ్‌లో పొద్దున్నే బళ్ళు ఆపేసి నడిచేవాళ్ళకి వదిలేస్తారు, ఫోటోలకి ఆగకుండా నడిస్తే చాలు. మద్యం తాగితే రిస్క్ పెరుగుతుంది, కొంచెమైనా సరే. పిల్లలకి పాలివ్వడం మంచిది, 30 దేశాల్లో 47 అధ్యయనాలు కలిపి 2002లో చూస్తే పాలిచ్చిన ప్రతి 12 నెలలకీ రిస్క్ 4.3 శాతం తగ్గిందట, అయితే పాలు పడనివాళ్ళని దీంతో బెదిరించకండి. పీరియడ్స్ ఆగినప్పుడు వేడి ఆవిర్లకి హార్మోన్ మాత్రలు ఏళ్ళ తరబడి మీ అంతట మీరు వాడెయ్యొద్దు.

వంశం సంగతి చెప్తానన్నాను కదా. వంశపారంపర్యంగా జీన్ వల్ల వచ్చేవి నూటికి 5 నుంచి 10 మాత్రమే. బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 అనే జీన్లు ముఖ్యమైనవి, దగ్గరి రక్త సంబంధంలో ఇద్దరు ముగ్గురికి వచ్చినా, బాగా చిన్న వయసులో వచ్చినా, మగవాళ్ళకి వచ్చినా, అండాశయం క్యాన్సర్ కూడా ఉన్నా డాక్టర్ రక్తపరీక్ష రాస్తారు. మగవాళ్ళకి కూడా వస్తుంది, వందలో ఒకటి లోపు. బ్రా బిగుతు వల్లా, నల్ల బ్రా వల్లా, జాకెట్టులో ఫోన్ పెట్టుకోవడం వల్లా వస్తుందని ఆధారాలు లేవు, ఫోన్ పోకుండా చూసుకోండి అంతే.

మా చెల్లికి, ఆ పెళ్ళి కావాల్సిన గుంటకి, పోయిన మాఘంలో పెళ్ళయింది. పెళ్ళిచూపుల్లోనే పెద్దమ్మ తనే చెప్పేసింది, నాకు ఇలా ఆపరేషన్ అయింది అని. అబ్బాయి వాళ్ళమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత వంటింట్లోకి వచ్చి తలుపు దగ్గరకి వేసి, "వదినగారూ, నాకూ ఇక్కడ ఏదో తగులుతోంది, మూడు నెలలైంది, ఏ డాక్టర్‌కి చూపించారు" అని అడిగింది. ఆ సోమవారమే నేనూ పెద్దమ్మా ఆవిడని స్కాన్‌కి తీసుకెళ్ళాం. నీటి తిత్తి.